గుమ్మానికి ఆరో గాటు

ఇరవై ఏళ్ళుగా హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఈ ఇరవై ఏళ్ళలో నేను దిద్దిన హోంవర్కుల్లో సగానికి సగం పిల్లలు రాసినవి కావు, గైడు రాసినవి. గ్రామసభ గురించి రాయమంటే నలభై రెండు పుస్తకాల్లోనూ ఒకే వాక్యం, కామా కూడా ఒకే చోట. ఒకసారి ఒకడు జవాబు మధ్యలో "పక్క పేజీలోని పటం చూడుము" అని కూడా ఎక్కించేశాడు. వాడి పుస్తకంలో పక్క పేజీ ఖాళీ. ఏం చూడాలిరా అని అడిగితే, పటం వెయ్యడానికి టైము చాల్లేదండి అన్నాడు. ఇలాంటప్పుడు నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వస్తాయి. ఆ రెండూ కలిసి నోట్లోంచి వెటకారంగా బయటపడతాయి. ఆ వెటకారంతో నేను ఒక పిల్లను ఎలా నొప్పించానో, తర్వాత ఏం చూశానో రాద్దామని కూర్చున్నాను.

మా స్కూలు ఏటిగట్టును ఆనుకుని ఉంటుంది. గట్టెక్కితే గోదారి, గోదారి మధ్యలో లంక. లంకంటే ఇసుక దిబ్బ అనుకునేరు. అక్కడ అరటి తోటలున్నాయి, కంద చేలున్నాయి, కూరగాయల మళ్ళున్నాయి, వందకు పైగా ఇళ్ళున్నాయి, అయిదో తరగతి వరకూ ఒక బడి ఉంది. ఆరో తరగతికి పిల్లలు పడవెక్కి మా దగ్గరికి వస్తారు. రావులపాలెం మార్కెట్టుకు వెళ్ళే అరటి గెలలూ వాళ్ళూ ఒకే పడవలో దిగుతారు. అందుకని లంక పిల్లల పుస్తకాలు అట్ట చూసి పోల్చుకోవచ్చు. వాటి మీద అరటి మరకలుంటాయి.

ఆ జులైలో తొమ్మిదో తరగతికి చరిత్ర ఆధారాల గురించి చెప్పాను. శాసనాలు, నాణేలు, కట్టడాలు, తాళపత్రాలు. ఈసారి ఏ గైడుకూ అందని హోంవర్కు ఇవ్వాలని పంతం పట్టి, మీ ఇంటి చరిత్ర చెప్పే ఆధారం ఒకటి వెతికి దాని గురించి ఒక పేజీ రాయండి అన్నాను. ఎవరో చెప్పగా విన్నది కాదు, కళ్ళతో చూసింది రాయాలి అని గట్టిగా చెప్పాను. పిల్లలు హుషారు పడ్డారు. ఒకరు పెళ్ళినాటి ఇత్తడి బిందె గురించి రాశారు, ఒకరు తాతగారి బాప్తిస్మం కాగితం తెచ్చి చూపించారు, ఒకరు బ్యాటరీలు లేని టార్చిలైటు తెచ్చి క్లాసంతా తిప్పారు. నాకూ సంబరంగానే ఉంది.

అప్పుడు లంక నుంచి వచ్చే ఒక అమ్మాయి పుస్తకం చేతికొచ్చింది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటుంది. ఆ పిల్ల ఇలా రాసింది:

"మా ఇంటికి ఆధారం మా గుమ్మం. మా ఇల్లు ఆరుసార్లు మారింది. గుమ్మం ఒకటే. ఒడ్డు కోసుకుపోయి ఇల్లు గోదారిలో కలిసే ముందు మావాళ్ళు గుమ్మం ఊడదీసి వెనక్కి తీసుకెళ్ళి కొత్త ఇంటికి పెడతారు. మారిన ప్రతిసారీ గుమ్మానికి ఒక గాటు పెడతారు. గాట్లు గోడలోకి ఉండే పక్కన ఉంటాయి కాబట్టి కనపడవు. మా పాత వంటిల్లు ఇప్పుడు గోదారి మధ్యలో ఉంది."

ఇది హోంవర్కు కాదు, కథ అనుకున్నాను. పైగా బాగా రాసింది, అందుకని ఇంకా అనుమానం. ఏ పత్రికలోదో దించేసిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని, దాన్ని క్లాసులో పైకి చదివాను. చదివి ఊరుకుంటే సరిపోయేది. "కనపడని ఆధారానికి నేనూ కనపడని మార్కులే వేస్తాను" అన్నాను. క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల లేచి నిలబడింది.

"మా మామ్మ చూసిందండి."

"నువ్వు చూశావా?"

"లేదండి" అని కూర్చుంది. మళ్ళీ ఆ వారంలో నా వైపు తలెత్తి చూడలేదు. నేనూ పట్టించుకోలేదు. లెసను ముందుకు నడిచిపోయింది.

ఆగస్టులో వరదొచ్చింది. మరీ పెద్దదేం కాదు. లంక వాళ్ళు నాలుగు రోజులు మా స్కూలు గదుల్లోనే ఉండి, నీళ్ళు తియ్యగానే వెళ్ళిపోయారు. వరద పోయాక పది రోజులు లంక పిల్లలు బడికి రాకపోవడం మాకు మామూలే. బురద కడుక్కోవాలి, మునిగిన తోటలు చూసుకోవాలి. పది రోజులయ్యాక ఒక్కొక్కరే వచ్చారు. మూడో బెంచీలో కిటికీ పక్కన మాత్రం ఖాళీగానే ఉంది. ఏంటని అడిగితే, ఆ పక్క పిల్ల చెప్పింది, వాళ్ళిల్లు విప్పుతున్నారట. వరద వచ్చేటప్పటి కంటే తీసేటప్పుడే ఒడ్డు ఎక్కువ కోస్తుందట, ఇంటికీ ఏటికీ మధ్య పది అడుగులు కూడా లేదట. ఆ మాట చెప్పి ఆ పిల్ల ఇంకొకటి కూడా అంది. గుమ్మం తీశాకే బడికొస్తానని ఆ అమ్మాయి చెప్పిందట.

ఆ వచ్చే రెండో శనివారం నేను పడవెక్కాను. క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళానని రాస్తే ఈ కాగితానికి కూడా నమ్మబుద్ధి కాదు. నిజం చెప్పాలంటే గుమ్మం చూడటానికి వెళ్ళాను. గాట్లు ఉంటాయన్న నమ్మకం నాకు ఇంకా లేదు.

రేవులో ఆ అమ్మాయి వాళ్ళ నాన్నే కనిపించాడు. కొత్తింటికి ఇటికలూ సిమెంటూ తీసుకెళ్ళడానికి వచ్చాడట. నేనెవరో తెలిసి, బస్తా మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు. వరద రంగు ఇంకా వదల్లేదు, నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. సగం దూరం పోయాక ఇంజను ఆపేశాడు. పడవ దానంతట అది కొంచెం జారి నిలబడినట్టయింది. అవతలి గట్టు మీద చర్చి శిలువ చూపించాడు, లంక చివర నీళ్ళ ట్యాంకు చూపించాడు. ఆ రెండూ ఒక వరసలోకి వచ్చిన చోట, పడవ పక్కగా నీళ్ళలోకి చెయ్యి పెట్టాడు.

"ఇదేనండి మా వంటిల్లు. ఇక్కడే మా అమ్మ పొయ్యి ఉండేది."

నేను ఒంగి చూశాను. ఏముంటుంది, నీళ్ళు. ఎక్కడా ఒక సుడి కూడా లేదు. కానీ అతను ఎంత మామూలుగా చెప్పాడంటే, మనం ఎవరికైనా మా వీధి ఇదేనండి అని చెబుతామే, అలా చెప్పాడు. అక్షాంశాలూ రేఖాంశాలూ బోర్డు మీద ఇరవై ఏళ్ళు గీశాను. రెండు గీతలు కలిసిన చోట ఒక మనిషి అన్నం తిన్న గది ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. పడవ కదిలాక కూడా వెనక్కి తిరిగి ఆ నీళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

లంకలో దిగేసరికి ఇల్లు సగం పైగా విప్పేశారు. పెంకులు దించి వరసలుగా పేర్చారు, వాసాలు తీసి అరటి చెట్ల వారగా పడుకోబెట్టారు. నాలుగు గోడలూ గుమ్మమూ మాత్రం నిలబడి ఉన్నాయి. గోడ వెనకాల ఏడెనిమిది అడుగుల నేల, ఆ తర్వాత ఏమీ లేదు. ఉండి ఉండి ఒక మట్టిపెళ్ళ దబ్బున నీళ్ళలో పడుతోంది. పడినప్పుడల్లా నేను ఉలిక్కిపడుతున్నాను, వాళ్ళెవరూ తలతిప్పి చూడటం లేదు. ఆ అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి పెంకులు మోస్తోంది. నన్ను చూసి చేతులు లంగాకు తుడుచుకుని వచ్చింది.

"ఇంకా గుమ్మం తియ్యలేదండి" అంది, నేను దానికోసమే వచ్చినట్టు. నిజానికి దానికోసమే వచ్చాను.

ఇంటి లోపలికి తీసుకెళ్ళింది. పైకప్పు లేని ఇంట్లో ఎండ నేల మీద దాకా పడుతోంది. మేకులకు తగిలించిన కేలండర్ల చోట్లు గోడ మీద తెల్లగా నలుచదరంగా కనపడుతున్నాయి. అక్కడ నిలబడి, ఎవరికీ వినపడకుండా అడిగింది:

"గాట్లు లేకపోతే ఏం చెయ్యాలండి?"

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. గుమ్మాన్ని కిందటిసారి తీసినప్పుడు ఈ పిల్ల వాళ్ళమ్మ ఒళ్ళో ఉంది. మామ్మ చెప్పింది, తను నమ్మింది, నమ్మింది రాసింది. నేను నలభైమంది ముందు నువ్వు చూశావా అని అడిగిన రోజు నుంచీ ఈ పిల్ల మామ్మ మాట నిజమా కాదా అని మథనపడుతోంది. ఇల్లు పోతున్నందుకు ఏడవాల్సిన పిల్ల, గాట్లు ఉంటాయో ఉండవో అని భయపడుతూ పెంకులు మోస్తోంది.

బయట నుంచి మామ్మగారు పిలిచారు. ఆ పిల్ల కదలకుండా, మీరు వెళ్ళండి టీచర్ అంది. ఇల్లు వదల్లేక తటపటాయిస్తోందనుకుని, నువ్వు పద అని వీపు మీద చెయ్యి వేసి ముందుకు పంపించాను. ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూసింది. టీచర్ చెప్పాక ఎదురు చెప్పే పిల్ల కాదు. గడప దాటింది. వెనకే నేనూ దాటాను. బయట ఉన్నవాళ్ళు నన్ను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకో నాకు తెలియలేదు.

గడ్డపారలతో రెండు పక్కలా ఇటికలు తప్పించారు. గుమ్మం కొంచెం ఊగింది. నలుగురు పట్టి, చంటిపిల్లను దించినట్టు వెనక్కి వాల్చి, రెండు అరటి బోదెల మీద పడుకోబెట్టారు. మామ్మగారికి ఎనభై ఉంటాయి, చూపు సరిగ్గా ఆనదు. చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చి గుమ్మం పక్కన చతికిలబడ్డారు. గోడలోకి ఉన్న పక్కంతా సున్నమూ మట్టీ గట్టిపడి పెచ్చుకట్టి ఉంది. చెక్క కనపడటమే లేదు. ఆ అమ్మాయి నా పక్కన ఊపిరి బిగబట్టి నిలబడింది. నేను సంచి జిప్పు లాగి ఫోను బయటికి తీశాను. మామ్మగారు ఆ సవ్వడికే తలెత్తి, పడుకోబెట్టిన గుమ్మాన్ని ఫొటో తియ్యకూడదమ్మా అన్నారు. మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాను.

కొబ్బరిపీచుతో రుద్దడం మొదలుపెట్టారు. ఎంతసేపు రుద్దారో చెప్పలేను. సున్నం పాలలాగా కారిపోయి, కింద నల్లటి చెక్క తేలింది. అక్కడ, చిటికెన వేలు పట్టేంత గాటు. దాని కింద ఇంకొకటి. ఇంకొకటి. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. తను పట్టుకున్నట్టు తనకు తెలుసని కూడా నేననుకోను.

మామ్మగారు వేలితో తడుముతూ చెప్పుకుంటూ వచ్చారు. ఈ చెక్క ఎవరూ కొన్నది కాదట. వాళ్ళ ఆయన తాతగారు వరదలో కొట్టుకొస్తున్న దుంగను ఈదుకెళ్ళి తాడేసి లాక్కొచ్చి గుమ్మం చేయించారట. మొదటి రెండు గాట్లూ ఆ తాతగారి భార్యవి. మూడోది అత్తగారిది. నాలుగోది తనది. అది అన్నిటికంటే పలచగా ఉంది. కొడుకు కడుపులో ఉండగా ఉలి పట్టుకుంటే చేతులు వణికాయట. అయిదోది కోడలిది, ఒళ్ళో మూడు నెలల ఈ పిల్లతో. "దీన్ని గోదారే ఇచ్చింది పంతులమ్మగారూ. ఇళ్ళన్నీ పట్టుకుపోయింది గానీ, దీన్ని మాత్రం మేం తిరిగివ్వలేదు" అన్నారు.

నేను రాజుల శాసనాలు చూశాను. పిల్లల్ని వెంటేసుకుని మ్యూజియంలకు వెళ్ళాను. ఎక్కడా ఇలా నోరు తెరుచుకుని నిలబడలేదు. అక్షరం రాని ఆడవాళ్ళు, అత్తల తర్వాత కోడళ్ళు, తమ ఇంటి కథంతా ఒక మూరెడు చెక్క మీద రాసిపెట్టారు. ఆ రాతను గోడలో పెట్టి ఆ పక్కనే వండారు, నిద్రపోయారు, పిల్లల్ని కన్నారు. ఎవరికీ చూపించలేదు. మరి గోడలోకి ఎందుకు మామ్మగారూ, బయటికి పెట్టుకోవచ్చుగా అని అడిగాను.

"ఎన్ని ఇళ్ళు పోయాయో రోజూ కళ్ళముందు కనపడుతుంటే ఆ ఇంట్లో నిద్రెలా పడుతుందమ్మా. అలాగని మర్చిపోతే ఎలా" అన్నారు.

నా పక్కన ఆ అమ్మాయి మాత్రం లెక్కపెడుతోంది. ఒకసారి పెట్టింది, మళ్ళీ పెట్టింది. నా చెయ్యి వదిలేసింది.

"అయిదే ఉన్నాయండి" అంది నా వైపు చూడకుండా. "నేను ఆరని రాశానండి."

మామ్మగారు నవ్వారు. "నీకు ఆరని చెప్పింది దీన్ని కూడా కలిపే. ఆరోది ఇవాళ్టిదే కదే."

జులైలో రాసింది ఆ పేజీ. అప్పటికి ఈ ఇల్లు పెంకులతో, కేలండర్లతో, పొయ్యితో నిలబడే ఉంది. ఆ ఇంట్లోనే కూర్చుని, ఇది కూడా పోతుందని తెలిసి, దాన్ని కూడా లెక్కలో కలిపి మామ్మగారు ఆరు అని చెప్పారు, ఈ పిల్ల అదే రాసింది. ఆ ఆరు అన్న అంకెను నేను క్లాసులో రాగం తీసి చదివాను. ఆ నిమిషాన నేను పడ్డ సిగ్గు మాటల్లో పెట్టలేను. ఆ మామ్మా మనవరాళ్ళ మీద కలిగిన గౌరవం కూడా అంతే.

మామ్మగారు కొంగుముడి విప్పి ఉలి తీశారు, పక్కనున్న సుత్తి అందుకున్నారు. ఆఖరున గడప దాటిందెవరు అని అడిగారు. వాళ్ళ నాన్న నేల చూపులు చూస్తూ, టీచరుగారేనమ్మా అన్నాడు. అప్పుడు చెప్పారు నాకు. ఇల్లు వదిలేటప్పుడు అందరికంటే చివర బయటికొచ్చిన మనిషే గాటు పెట్టాలి. అది వాళ్ళ ఆనవాయితీ. ఈసారి ఆ వంతు ఈ అమ్మాయిది అనుకున్నారట. అందుకే లోపల ఆగిపోయింది, అందుకే నన్ను వెళ్ళమంది. నేను పెద్దరికం వెలగబెట్టి దాన్ని ముందు పంపేశాను. ఒక తప్పు దిద్దుకోవడానికి వచ్చి ఇంకో తప్పు చేశాను.

నా వల్ల కాదండీ, ఈ పిల్ల చేత పెట్టించండి అని బతిమాలాను. మామ్మగారు ఒప్పుకోలేదు. మనం అనుకున్నది కాదు, జరిగింది చెక్కాలి, అదే దీనికి లెక్క అన్నారు. చరిత్ర పాఠం అంతకంటే సూటిగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఆ అమ్మాయి మామ్మ చేతిలోంచి ఉలీ సుత్తీ తీసుకుని నాకు అందించింది.

"మీరే పెట్టండి టీచర్. నేను చూస్తానండి."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. చెక్క ఇనుములా ఉంది. మొదటి దెబ్బ జారిపోయింది. ఆ అమ్మాయి ఒంగి, ఉలి ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. నాలుగైదు దెబ్బలకు చిన్న పెచ్చు లేచింది. లోపల చెక్క ఇంకా పచ్చిగా, తేనెరంగులో ఉంది. అన్నేళ్ళ చెక్కకు అంత లేత రంగు ఉంటుందని నాకు తెలియదు. నాకు కళ్ళు మసకబారాయి. ఆ అమ్మాయి మాత్రం రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

సోమవారం బడికొచ్చింది. నేను క్లాసులో నిలబడి, జులైలో ఈ అమ్మాయి రాసింది నిజం, వెక్కిరించిన నాదే తప్పు అని చెప్పాను. అలా చెప్పడం ఎంత కష్టమో, చెప్పాక ఎంత తేలికో అప్పుడే తెలిసింది. ముందు బెంచీ పిల్ల, ఫొటో తీశారా అండి అని అడిగింది. తియ్యలేదన్నాను. క్లాసులో చిన్న గుసగుస బయలుదేరింది. అప్పుడు కిటికీ పక్కన ఆ అమ్మాయి లేచింది.

"అయిదు గాట్లున్నాయండి. ఆరోది టీచరుగారు పెట్టారండి. నేను చూశానండి."

చెప్పి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

డిసెంబరులో మళ్ళీ లంకకు వెళ్ళాను. కొత్త ఇల్లు లంక మధ్యలో, ఏటికి చాలా ఎడంగా కడుతున్నారు. గుమ్మం నిలబెట్టి, పసుపు రాసి, మామిడాకులు కట్టారు. మేస్త్రి పక్కనుంచి ఇటికలు పేర్చుకుంటూ వస్తున్నాడు. అయిదు గాట్లు నల్లగా, ఆరోది ఒక్కటే ఇంకా తేనెరంగులో ఉంది. నేనూ ఆ అమ్మాయీ పక్కపక్కన నిలబడి చూస్తుండగానే ఇటికలు ఒక్కొక్క వరసే పైకి లేచి ఒక్కొక్క గాటునే మూసేశాయి. ఇక మళ్ళీ వాటిని చూడాలంటే ఈ ఇల్లు కూడా పోవాలి.

ఇప్పుడు వానాకాలంలో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అని టీవీలో చెప్పగానే నా చేతిలో పని ఆగిపోతుంది. ఏటా తొమ్మిదో తరగతికి అదే పాఠం చెబుతున్నాను, ఆధారం చూడందే దేన్నీ నమ్మకండి అని గట్టిగానే చెబుతున్నాను. నా చేత్తో పెట్టిన ఆ గాటు మాత్రం ఆ పిల్ల బతికి ఉన్నంతకాలం ఎవరి కంటా పడకూడదని, గట్టెక్కినప్పుడల్లా గోదారికి దణ్ణం పెట్టుకుంటాను.